చీకట్లో నడిచే ఊరు... చిక్కిపోతున్న మాట

వాళ్లు కుట్టిన పువ్వులు ఫ్యాషన్ ప్రపంచం కంట్లో పడ్డాయి. వాళ్లు చేసిన బెరడు కాగితం దేశదేశాల ఇళ్లలో గోడలెక్కింది. వాళ్ల మాటను మాత్రం అయిదు వందల ఏళ్లుగా ఎవరో ఒకరు వెక్కిరిస్తూనే ఉన్నారు. మెక్సికోలోని ఒటోమీల కథ ఇది.

శనివారం రాత్రి. చుక్కల వెలుగు తప్ప మరో దీపం లేదు. పొలాల మధ్య నుంచి కొందరు నడుం వంచి, ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. ముందు నడిచే మనిషి మొహానికి నల్లటి ముసుగు. అతను ఆగమంటే ఆగాలి. పడుకోమంటే బురదైనా ముళ్లయినా చూడకుండా నేలకు కరుచుకోవాలి. ఉన్నట్టుండి సైరన్ మోత! ఎర్రని, నీలి లైట్లు చీకటిని చీల్చుకుంటూ వస్తాయి. ‘అమెరికాలో మీకు పని దొరకదు, వెనక్కి వెళ్లిపోండి’ అని మైకులో కేకలు. తుపాకీ పేలిన చప్పుడు. అంతే... పరుగో పరుగు!

దొంగచాటుగా అమెరికా సరిహద్దు దాటుతున్న వలస కూలీలనుకుంటున్నారా? చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. కానీ అసలు సరిహద్దు అక్కడికి ఆరు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. నడుస్తున్నవాళ్లు టికెట్ కొనుక్కుని వచ్చిన పర్యాటకులు. తరుముతున్న పోలీసులు, దారి చూపుతున్న ముసుగు మనిషి... అంతా ఆ ఊరివాళ్లే. తుపాకుల్లో గుళ్లుండవు. మెక్సికోలోని హిడాల్గో రాష్ట్రంలో ఉన్న ఎల్ ఆల్బెర్తో అనే ఆ చిన్న ఊరు 2004లో మొదలుపెట్టిన ‘రాత్రి నడక’ ఇది.

ఎందుకీ ఆట? ఒకప్పుడు ఆ ఊరి కుర్రాళ్లంతా నిజంగానే అలా నడిచి వెళ్లినవాళ్లు కాబట్టి! ఎడారి దాటి లాస్‌వేగాస్‌లోనో ఫీనిక్స్‌లోనో భవన నిర్మాణ కూలీలుగా, తోటమాలులుగా కుదురుకున్నారు. ఇళ్లల్లో ముసలివాళ్లూ పసిపిల్లలూ మిగిలారు. ఇలాగైతే ఊరే ఉండదని పెద్దలకు భయం పట్టుకుంది. ఊరి పక్కన తూలా నది, ఎత్తయిన కొండ గోడలు, వేడినీటి బుగ్గలు ఉన్నాయి. వాటి చుట్టూ అందరూ కలిసి శ్రమదానంతో పార్కు కట్టుకున్నారు. వలస వెళ్లిన అనుభవాన్నే పర్యాటకంగా మార్చారు. వచ్చే డబ్బుతో ఊళ్లోనే పని దొరికితే పిల్లలు సరిహద్దు వైపు చూడరన్నది వాళ్ల ఆశ.

వచ్చినవాళ్లలో చాలామంది గమనించని సంగతి మరొకటి ఉంది. చీకట్లో ఆ ‘పోలీసులూ’ ‘దళారులూ’ తమలో తాము మాట్లాడుకునేటప్పుడు చెవిన పడేది స్పానిష్ కాదు. స్పానిష్‌వాళ్లు మెక్సికోలో అడుగు పెట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ ఆ కొండల్లో వినపడుతున్న మాట అది.

పేరులోనే ‘ఞ’

మెక్సికో నగరం నుంచి ఉత్తరంగా సుమారు 160 కిలోమీటర్లు వెళితే ఇస్మికిల్పాన్ పట్టణం వస్తుంది. దాని చుట్టూ ఉన్న నేలకు మెస్కిటాల్ లోయ అని పేరు. మన తుమ్మ లాంటి ముళ్లచెట్టు మెస్కీట్. ఆ చెట్ల తావు కాబట్టి మెస్కిటాల్. ఒటోమీ జనం ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఇది ముఖ్యమైనది. పక్కనున్న కెరెతారో, మెక్సికో రాష్ట్రాల్లోనూ, తూర్పున మంచు కమ్మే కొండల్లో ప్యూబ్లా, వెరాక్రూజ్‌ల దాకానూ వీళ్ల ఊళ్లున్నాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం ఒటోమీ మాట్లాడేవాళ్లు సుమారు 3 లక్షల మంది. మెక్సికోలోని ఆదివాసీ భాషల్లో అది ఏడో స్థానం.

‘ఒటోమీ’ వాళ్లు పెట్టుకున్న పేరు కాదు. పొరుగునున్న నాహువా జనం... అంటే ఆజ్టెక్‌ల భాష మాట్లాడేవాళ్లు... పిలిచిన పేరు. పక్షుల్ని బాణాలతో కొట్టేవాడు అని దానికి కొందరు అర్థం చెబుతారు. మెస్కిటాల్ లోయలో వాళ్లు తమ భాషను ‘హ్ఞాహ్ఞు’ అంటారు. మనం ఒకటో తరగతిలో పలక మీద దిద్ది, ఆ తర్వాత దాదాపు మర్చిపోయే అక్షరం ‘ఞ’. వాళ్ల పేరులోనే అది రెండుసార్లుంది! ముక్కుతో పలికే మాట అని ఆ పేరుకు అర్థం చెబుతారు. కెరెతారో వైపు వెళితే అదే ‘ఞొఞ్ఞొ’ అవుతుంది, తూర్పు కొండల్లో ‘ఞుహు’ అవుతుంది. త్లాస్కాలా రాష్ట్రంలోని ఇస్తెంకో ఊళ్లో ‘యుహ్ము’ అంటారు. ఇవన్నీ ఒకే భాష యాసలా, వేర్వేరు భాషలా అంటే చెప్పడం కష్టం. పక్క లోయ మనిషి మాట అర్థమవుతుంది. నాలుగు కొండలు దాటితే తికమక మొదలవుతుంది. మెక్సికో ప్రభుత్వ భాషా సంస్థ 2008లో వేసిన పట్టికలో ఒటోమీకి తొమ్మిది రూపాలున్నట్టు లెక్క తేల్చింది.

కిత్తనారే కామధేనువు

మెస్కిటాల్‌లో అడుగుపెట్టిన తెలుగువాళ్లకు ఓ సంగతి ఆశ్చర్యంగా అనిపిస్తుంది. మన ఊళ్లలో రైలు కట్టల వెంట, చేలగట్ల మీద కంచెగా కనిపించే కిత్తనార మొక్క అక్కడ ఎటు చూసినా ఉంటుంది. పక్కనే నాగజెముడు. ఈ రెండింటి పుట్టినిల్లూ అమెరికా ఖండమే. మనకు కంచెగా వచ్చిన ఆ మొక్కలు ఒటోమీలకు కూడూ గుడ్డా.

కిత్తనారను మెక్సికోలో మాగే అంటారు. హ్ఞాహ్ఞులో ‘ఉవాదా’. మొక్క ఎదగడానికి పదేళ్ల దాకా పడుతుంది. జీవితంలో ఒకే ఒక్కసారి పొడవాటి కాడ వేసి పూస్తుంది. ఆ కాడ రాకముందే నడిమధ్య మొవ్వును తీసేసి గుంట చేస్తారు. పువ్వు కోసం మొక్క దాచుకున్న తీపంతా ఆ గుంటలోకి ఊరుతుంది. పొద్దునా సాయంత్రం వచ్చి పొడవాటి సొరకాయ బుర్రతో ఆ నీరాను పీల్చి తీస్తారు. గుంటను మళ్లీ గీకుతారు. అలా కొన్ని నెలలు ఇచ్చి మొక్క చచ్చిపోతుంది. తీసిన నీరాను పులియబెడితే తెల్లగా, కాస్త జిగటగా ఉండే పుల్కే తయారవుతుంది. మన తాటికల్లుకు దూరపు చుట్టం అన్నమాట! నీటిచుక్క దొరకని ఆ గట్టు నేలల్లో ఒకప్పుడు పిల్లాపెద్దా దాహం తీర్చింది అదే.

ఆకుల్ని చెక్క మీద పెట్టి గీకితే నార వస్తుంది. ఆడవాళ్లు దారిలో నడుస్తూ కూడా ఆ నారను వడుకుతూనే ఉండేవారు. దాంతో నేసే పల్చటి గుడ్డ ‘అయాతే’. కట్టెలు మోయాలన్నా, పసిబిడ్డను వీపున కట్టుకోవాలన్నా అదే. ఎండిన మట్టలు పొయ్యిలోకి, గుడిసె పైకప్పుకు. పచ్చి ఆకుల్లో మాంసం చుట్టి గోతిలో రాత్రంతా మగ్గబెడితే ‘బార్బకోవా’ సిద్ధం. హిడాల్గోలో పండగంటే ఆ వాసన రావాల్సిందే. నాగజెముడు మట్టల్ని ముళ్లు తీసి కూర వండుతారు. ఎండాకాలం ముందు చీమల గుడ్లు దొరుకుతాయి. ఒకప్పుడు వేరే తిండి లేక తిన్న ఆ గుడ్లనే ఇప్పుడు మెక్సికో నగరంలోని పెద్ద హోటళ్లు ఖరీదైన వంటకంగా వడ్డిస్తున్నాయి.

అదే లోయలో కొన్ని ఊళ్లు మాత్రం పచ్చగా మెరిసిపోతుంటాయి. మొక్కజొన్న, పశువుల మేత ఏపుగా పెరుగుతాయి. ఆ పచ్చదనం వెనక కథ వేరు. వందేళ్లకు పైగా మెక్సికో నగరపు మురుగునీరు కాలువల్లో ప్రవహించి ఆ పొలాలకు చేరుతోంది. మురుగునీటితో సాగయ్యే ప్రాంతాల్లో ప్రపంచంలోనే పెద్దవాటిలో ఇదొకటి. రాజధాని వదిలేసిన నీళ్లతో వీళ్లు పంట పండించారు. దాంతోపాటు రోగాలూ భరించారు. ఆ నీటిని శుద్ధి చేసే భారీ కేంద్రం అతోతొనిల్కోలో ప్రారంభమైంది 2017లో.

తిట్టూ వాళ్ల పేరే... బిరుదూ వాళ్ల పేరే!

మధ్య మెక్సికో పీఠభూమిలో నాహువాల కన్నా ముందు నుంచీ ఉన్నవాళ్లలో ఒటోమీలూ ఉన్నారని చరిత్రకారుల అభిప్రాయం. సరస్సు మధ్యన షాల్తోకాన్ అనే సొంత రాజ్యం ఉండేది. 1395లో అది పడిపోయింది. జనం చెల్లాచెదురై కొండల్లోకీ బీడు భూముల్లోకీ వెళ్లారు. తర్వాత ఆజ్టెక్‌లు బలపడ్డారు. గెలిచినవాడి భాషే గొప్పదైంది.

16వ శతాబ్దంలో బెర్నార్దినో దె సహగూన్ అనే క్రైస్తవ సన్యాసి నాహువా పెద్దల్ని కూర్చోబెట్టి వాళ్ల సంగతులన్నీ రాయించాడు. ఎవరైనా మొద్దుగా ప్రవర్తిస్తే ‘నువ్వేమైనా ఒటోమీవా’ అన్న ధోరణిలో తిట్టేవారని అందులో ఉంది. విచిత్రమేమిటంటే అదే ఆజ్టెక్‌ల సైన్యంలో వెన్ను చూపని వీరులకిచ్చే ఓ పెద్ద హోదా పేరు కూడా ‘ఒటోమీ’యే! ఇంట్లో పిల్లాడిని తిట్టాలంటే ఆ పేరు. యుద్ధంలో ముందు నిలబడాలంటేనూ ఆ పేరే.

1519లో స్పానిష్ దళపతి కోర్తెస్ వచ్చినప్పుడు త్లాస్కాలా సరిహద్దులో అతణ్ని ఎదిరించినవాళ్లు ఒటోమీలు. మరుసటి ఏడాది ఆజ్టెక్‌ల చేతిలో చావుదెబ్బ తిని రాత్రికి రాత్రి పారిపోతున్న అతని మనుషులకు తెవొకల్వేయాకాన్‌లో అన్నం పెట్టి ఆదరించినవాళ్లూ ఒటోమీలే. ఆజ్టెక్‌ల పెత్తనం మీద కోపం అలాంటిది. తర్వాత కొత్త ప్రభువులతో కలిసి ఉత్తరాదికి వెళ్లారు. ఇప్పుడు మెక్సికోలోని అందమైన నగరాల్లో ఒకటిగా పేరున్న కెరెతారోను స్థాపించినవారిలో కోనిన్ అనే ఒటోమీ వర్తకుడు ప్రముఖుడు. బాప్తిస్మం తర్వాత అతని పేరు ఫెర్నాందో దె తాపియా. ఊరు మాత్రం స్పానిష్‌వాళ్ల నగరమైంది.

ఆ కాలం ఎలా ఉండేదో ఇస్మికిల్పాన్‌లోని సాన్ మిగేల్ చర్చిలోకి వెళితే తెలుస్తుంది. 16వ శతాబ్దంలో కట్టిన ఆ చర్చి గోడల మీద ఏసుక్రీస్తు బొమ్మలుంటాయని లోపలికి వెళ్లినవాళ్లు అవాక్కవుతారు. అక్కడున్నది యుద్ధం! పులితోళ్లు, తోడేలు తోళ్లు కప్పుకున్న వీరులు... చేతుల్లో నల్లటి గాజురాయి అంచుల కత్తులు... అల్లుకుపోయిన పెద్ద పెద్ద తీగల మధ్య వింత మృగాలు. స్థానిక చిత్రకారులు గీసిన ఆ బొమ్మలు సున్నపు పూత కింద చాలాకాలం దాగి ఉండి, 20వ శతాబ్దం మధ్యలో మళ్లీ వెలుగు చూశాయి. పరాయి దేవుడి గుడిలో సొంత కథ రాసుకున్నారు వాళ్లు. పైన సున్నం పడినా లోపల రంగు పోలేదు.

‘మనం’ వేరు... ‘మేము’ వేరు!

భాష విషయానికొస్తే తెలుగువాళ్లు చటుక్కున అర్థం చేసుకోగల ముచ్చట ఒకటుంది. ‘మనం సినిమాకి వెళ్తున్నాం’ అంటే వింటున్నవాళ్లూ వస్తున్నట్టు. ‘మేము వెళ్తున్నాం’ అంటే వాళ్లు ఇంట్లోనే ఉండాలన్నమాట! ఇంగ్లిషుకీ స్పానిష్‌కీ ఈ తేడా తెలియదు. రెండింటికీ ఒకటే మాట. ఒటోమీకి మాత్రం తెలుసు. తెలుగు కన్నా మరో అడుగు ముందుకేసి ఇద్దరున్నప్పుడు ఒక రూపం, అంతకన్నా ఎక్కువమంది ఉంటే మరో రూపం వాడుతుంది. అంటే మనిద్దరం, మేమిద్దరం, మనందరం, మేమందరం... ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు ప్రత్యయాలు. ఎవరు లోపలివాళ్లో, ఎవరు బయటివాళ్లో మాట చివర్లోనే తేలిపోతుంది.

ఇక పలకడమంటే పాడినట్టే. ఒటోమీ స్వరభాష. అక్షరాలు అవే అయినా గొంతు పైకెత్తితే ఒక అర్థం, దించితే ఒక అర్థం, కింది నుంచి పైకి తీసుకెళితే మరో అర్థం రావచ్చు. దానికి తోడు ముక్కుతో పలికే అచ్చులు. నీళ్లు ‘దెహే’, సూర్యుడు ‘హ్యాది’, రొట్టె ‘హ్మే’. సూర్యుణ్ని ఊరికే పిలవరు. ‘జిదాదా’... అంటే పూజ్యుడైన తండ్రీ అని గౌరవంగా తలుస్తారు. చంద్రుడు వాళ్లకు తల్లి, ‘జినానా’. నానా అంటే మనకు నాన్న గుర్తొస్తాడు, వాళ్లకు అమ్మ! ఇది కాకతాళీయం మాత్రమే, చుట్టరికం ఏమీ లేదు.

ఈ శబ్దాలను కాగితం మీద పెట్టడానికి పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. 1605లో అలోన్సో ఉర్బానో అనే సన్యాసి స్పానిష్, నాహువాట్ల్, ఒటోమీ మూడు భాషల నిఘంటువు కూర్చాడు. 1767లో లూయిస్ దె నేవే ఇ మొలీనా ఈ భాషను రాసే పద్ధతి మీద, వ్యాకరణం మీద పుస్తకం అచ్చు వేయించాడు. 1830ల్లో నాహెరా అనే మెక్సికన్ పండితుడు అమెరికాలోని ఫిలడెల్ఫియా పండితుల ముందు ఓ ప్రబంధం పెట్టాడు. ఒటోమీకి చైనా భాషతో పోలిక ఉందన్నది అతని వాదం! స్వరాలుండటం, మాటలు పొట్టిగా వినపడటం చూసి అలా అనిపించింది. ఆ వాదం తర్వాత నిలబడలేదు. ఒటోమీ పుట్టింది మెక్సికో నేల మీదే. మసావా దానికి దగ్గరి చెల్లెలు. మిష్టెక్, జపోటెక్‌లు దూరపు బంధువులు. అన్ని రూపాలకూ కలిపి రాత నియమాల పుస్తకం మాత్రం 2014లో గానీ రాలేదు. ఉర్బానో నిఘంటువుకూ దానికీ మధ్య నాలుగు వందల ఏళ్లు గడిచాయి.

అర్థం కాని కోర్టులో...

భాష పోతే ఏం పోతుంది, స్పానిష్ నేర్చుకుంటే సరిపోతుంది కదా అనేవాళ్లు మెక్సికోలోనూ ఉన్నారు. 20వ శతాబ్దంలో బడులు చేసింది అదే. తరగతిలో ఇంటి మాట మాట్లాడితే దెబ్బలు, జరిమానాలు. దెబ్బలు తిన్న పిల్లలు పెద్దవాళ్లయి, తమ పిల్లలకు ఆ బాధ వద్దని ఇంట్లో స్పానిష్ మొదలుపెట్టారు. ఒక భాష ఇలాగే చిక్కిపోతుంది. ఎవరో చంపనక్కర్లేదు... అమ్మ ప్రేమ చాలు.

స్పానిష్ రాకపోతే ఏమవుతుందో హసింతా ఫ్రాన్సిస్కో మార్సియాల్ జీవితం చూస్తే తెలుస్తుంది. కెరెతారో రాష్ట్రంలోని సాంతియాగో మెస్కితిత్లాన్ అనే ఒటోమీ ఊరు ఆమెది. సంతలో చల్లటి పానీయాలు అమ్ముకునేది. 2006 మార్చిలో ఫెడరల్ పోలీసులు ఆ సంత మీద దాడి చేసి దొంగ సరుకంటూ వర్తకుల సామాన్లు లాక్కున్నారు. జనం అడ్డు తిరిగారు. కొన్ని నెలల తర్వాత హసింతాతో పాటు ఆల్బెర్తా, తెరెసా అనే మరో ఇద్దరు ఒటోమీ మహిళల్ని అరెస్టు చేశారు. నేరం ఏమిటి? ఆరుగురు సాయుధ పోలీసుల్ని ఈ ముగ్గురు ఆడవాళ్లు కిడ్నాప్ చేశారట!

హసింతాకు అప్పటికి స్పానిష్ అంతంతమాత్రం. తన మీద మోపిన నేరమేమిటో చెప్పే దుబాసీ కూడా లేకుండానే విచారణ సాగింది. 21 ఏళ్ల జైలుశిక్ష పడింది. మానవహక్కుల సంఘాలు పోరాడితే 2009 సెప్టెంబరులో బయటికొచ్చింది. మిగతా ఇద్దరూ 2010లో విడుదలయ్యారు. అక్కడితో ఊరుకోలేదు వాళ్లు. 2017 ఫిబ్రవరిలో మెక్సికో నగరంలోని జాతీయ మానవశాస్త్ర మ్యూజియంలో దేశ అటార్నీ జనరల్ ఆ ముగ్గురికీ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మెక్సికో తన ఆదివాసీల ఘనత చూపించుకునే మ్యూజియం అది. ఆ రోజు అక్కడ బతికున్న ఆదివాసీల ముందు ప్రభుత్వం తల వంచింది.

ఆదివాసీ భాషలన్నీ స్పానిష్‌తో సమానంగా జాతీయ భాషలేనని మెక్సికో చట్టం చేసింది 2003లో. హసింతా అరెస్టయింది ఆ చట్టం వచ్చిన మూడేళ్లకు.

పువ్వు కావాలి... పేరు వద్దు!

మెస్కిటాల్ లోయ నుంచి తూర్పుగా వెళితే నేల తీరే మారిపోతుంది. ముళ్లచెట్లు పోయి మంచు, వాన, చిక్కటి అడవి వస్తాయి. ఆ కొండల్లోనే తెనాంగో దె దోరియా ఉంది. 1960ల్లో కరవు వచ్చి పంటలు పోయినప్పుడు అక్కడి ఆడవాళ్లు సూది పట్టారు. తెల్లటి నూలుగుడ్డ మీద కోళ్లు, కుందేళ్లు, జింకలు, రెండు తలల పక్షులు, ఎక్కడా లేని పువ్వులు... కళ్లు చెదిరే రంగుల్లో కుట్టి అమ్మారు. పెద్ద దుప్పటి అయితే పూర్తవడానికి నెలలు పడుతుంది. వాటికి ఊరి పేరే వచ్చింది, ‘తెనాంగోలు’ అని.

అందం ఉన్నచోట కాపీ ఉంటుంది. 2019లో కరోలినా హెరేరా ఫ్యాషన్ సంస్థ విడుదల చేసిన దుస్తుల మీద తెనాంగో కుట్టు పోలికలు కనిపించాయి. మా ఆదివాసీల డిజైన్లను ఏ ఆధారంతో వాడారో చెప్పండి, ఆ ఊళ్లవాళ్లకు లాభంలో వాటా ఉందా అంటూ మెక్సికో సాంస్కృతిక శాఖ లేఖ రాసింది. మెక్సికో సంస్కృతి మీద గౌరవంతోనే చేశామని సంస్థ జవాబిచ్చింది. ఇలాంటి గొడవలు పెరిగాక 2022 జనవరిలో ఆదివాసీల సాంస్కృతిక సంపదను కాపాడే చట్టం వచ్చింది.

ఇంకాస్త దక్షిణంగా ప్యూబ్లా రాష్ట్రంలో సాన్ పాబ్లితో అనే ఊరుంది. పొద్దున్నే ఏ వీధిలోకి వెళ్లినా టకటకమని రాళ్ల చప్పుడు. అది ‘అమాతే’ కాగితం చేసే చప్పుడు. మన మర్రి, రావి, మేడి జాతికి చెందిన చెట్ల బెరడు ఒలిచి, సున్నపు నీళ్లలో గంటల తరబడి ఉడికిస్తారు. మెత్తబడిన పీచుల్ని చెక్క మీద గళ్లుగా పరిచి, అవి అతుక్కుని రేకులా అయ్యేదాకా రాయితో కొడతారు. ఎండలో ఆరితే కాగితం రెడీ. స్పానిష్‌వాళ్లు రాకముందు రాజుల లెక్కలు, పూజాగ్రంథాలు ఇలాంటి కాగితం మీదే ఉండేవి. విగ్రహారాధన అంటూ పాలకులు దాన్ని నిషేధించారు. ఈ మారుమూల ఊళ్లో మాత్రం ఆ విద్య గుట్టుగా బతికింది.

కారణం ‘బాదీ’. ఆ మాటకు అర్థం తెలిసినవాడు అని. ఊరి పూజారి, వైద్యుడు అన్నీ ఆయనే. కాగితాన్ని మడిచి కత్తిరించి మొక్కజొన్న, చిక్కుడు, మిరప... ఒక్కో గింజకూ దాని ఆత్మ బొమ్మ చేస్తాడు. పంట బాగా పండాలని వాటికి మొక్కుతారు. 1960ల నుంచి గెరేరో రాష్ట్రపు నాహువా చిత్రకారులు ఈ కాగితం మీద బొమ్మలు వేసి అమ్మడంతో ప్రపంచమంతా దీనికి గిరాకీ వచ్చింది. బొమ్మ గీసినవారిది ఒక తెగ, కాగితం చేసినవారిది మరో తెగ అని కొన్నవారిలో ఎంతమందికి తెలుసు?

ఇక అమెయాల్కో వైపు వెళితే రంగు రిబ్బన్ల జడలతో నవ్వే గుడ్డబొమ్మ ‘లేలే’ ఎదురవుతుంది. లేలే అంటే ఒటోమీలో పసిపాప. మెక్సికో విమానాశ్రయాల్లో, కూడళ్లలో అమ్మే ఈ బొమ్మను చాలామంది దేశానికే గుర్తుగా కొనుక్కుని తీసుకెళతారు. పాప పేరు ప్రపంచమంతా తిరిగింది. ఆ పేరు ఏ భాషదో మాత్రం బొమ్మతో పాటు వెళ్లడం లేదు.

దివిటీలు వెలిగే వేళ

అలాగని అంతా చీకటే కాదు. కార్డోనల్ నుంచి హ్ఞాహ్ఞు, నాహువాట్ల్, స్పానిష్ భాషల్లో కార్యక్రమాలు వినిపించే రేడియో ఉంది. పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తూ, పొలంలో పని చేస్తూ జనం సొంత మాట వింటారు. అదే ప్రాంతంలో వేడినీటి జలపాతాలకు పేరుపడ్డ తొలాంతొంగో గుహలను చూడటానికి వేలమంది వస్తారు. వాటిని నడిపేది కూడా ఊరి రైతుల సహకార సంఘమే. కెరెతారోలోని తొలిమాన్ చుట్టుపక్కల ఒటోమీ-చిచిమేకాలు ఏటా మే నెల మొదట్లో శిలువలు మోసుకుంటూ బెర్నాల్ అనే ఏకశిలా పర్వతం ఎక్కుతారు. వాన కోసం, పితృదేవతల దీవెన కోసం చేసే ఆ యాత్రను, వాళ్ల కుటుంబ గుడులను యునెస్కో 2009లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇవన్నీ సంతోషించే విషయాలే. కానీ గుర్తింపు పత్రాలు భాషను మాట్లాడలేవు కదా! ఇస్తెంకోలో ‘యుహ్ము’ మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది తల నెరిసినవాళ్లే. మెస్కిటాల్ నుంచి ఫ్లోరిడాలోని క్లియర్‌వాటర్ దాకా పాకిన వలస కుటుంబాల్లో అమ్మమ్మకు హ్ఞాహ్ఞు వచ్చు, అమ్మకు స్పానిష్ వచ్చు, మనవడికి ఇంగ్లిషు వచ్చు. ఫోన్లో మాట్లాడుకోవాలంటే మధ్యలో అమ్మ ఉండాల్సిందే. ఈ సంగతి అర్థం కావడానికి తెలుగు ఇళ్లకు ప్రత్యేకంగా ఉదాహరణలు అక్కర్లేదు.

ఎల్ ఆల్బెర్తోలో రాత్రి నడక మూడు నాలుగు గంటలకు ముగింపుకొస్తుంది. బురదలో తడిసి, ముళ్లు గీరుకుని, ఆయాసపడుతున్న జనానికి కళ్లకు గంతలు కట్టి నది ఒడ్డుకు తీసుకొస్తారు. గంతలు విప్పాక ఎదురుగా కొండ గోడల నిండా వందలాది దివిటీలు. దారిలో ప్రాణాలు కోల్పోయినవారి కోసం, ఇంకా తిరిగిరానివారి కోసం వెలిగించినవి. కాసేపు ఎవరూ మాట్లాడరు.

తర్వాత పర్యాటకులు బస్సులెక్కి వెళ్లిపోతారు. ముసుగులు తీసేసిన ఊరివాళ్లు దివిటీలు ఆర్పుకుంటూ ఇళ్ల దారి పడతారు. సాయం చేయడానికి వచ్చిన పిల్లలూ వాళ్ల వెంటే ఉంటారు. పెద్దవాళ్లు హ్ఞాహ్ఞులో ఏదో అంటారు. జవాబు ఒక్కోసారి అదే భాషలో వస్తుంది, ఒక్కోసారి స్పానిష్‌లో. ‘పదండి, ఇంటికి పోదాం’ అనాలంటే ఆ భాషలో ముందు తేల్చుకోవాల్సింది ఒకటే... మనమా, మేమా అని. పిల్లలు కూడా ‘మనం’లో ఉన్నంతకాలం ఆ మాటకు ఢోకా లేదు.